ల్యాబ్రడార్ పిల్లకి ఇచ్చిన సర్టిఫికెట్ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్ శివార్లలో ఒక బ్రీడర్ దగ్గర ఆడ ల్యాబ్రడార్ పిల్లని చూశాం. ధర 25 వేలు, ఆదివారంలోగా 5 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నాడు. పిల్లకి 40 రోజులే. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు కదా, నా అనుమానం అక్కడే మొదలైంది.

తల్లిని చూపించమని రెండుసార్లు వెళ్లి అడిగాం. ఊళ్లో ఉందంటూ వీడియో పంపాడు. అందులో ఉన్న కుక్క పొట్ట బిగుతుగా ఉంది, రొమ్ములు కూడా దిగలేదు, పాలిస్తున్న తల్లిలా లేదు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ అడిగితే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కుక్కల జాతి, వంశం నమోదు చేసే సంస్థ) సర్టిఫికెట్ ఫొటో ఇచ్చాడు. అందులో మైక్రోచిప్ (గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్) నంబరులో చివరి అంకెలు కనబడకుండా చేశాడు. మా పశువైద్యుడు ఫొటో చూసి ఏమీ చెప్పలేనన్నారు.

పిల్ల మాత్రం నా చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది, వదులుకోబుద్ధి కావట్లేదు.

అడ్వాన్స్ ఇచ్చేలోపు ఈ సర్టిఫికెట్ నిజమైనదేనని మీలో ఎవరైనా ఎలా నిర్ధారించుకున్నారు?