పిల్లలు శ్రుతిలో పాడటం లేదు, సోమవారం క్లాసు ఉంది, సాయం చేయండి

సాధన_విద్యార్థి: మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీస్ కోసం ఒక స్కూల్లో క్లాసులు తీసుకుంటున్నాను. ఎంత చెప్పినా పిల్లలు శ్రుతిలో నిలవడం లేదు. నేను పాడి వినిపిస్తాను, తిరిగి పాడమంటే సగం మంది గొణుగుతారు, కొందరు అరుస్తారు. తంబురా యాప్ పెట్టాను, పాట మార్చాను, గట్టిగా పాడి చూశాను. నిన్న సాయంత్రం నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ పనికి రాలేదు. సోమవారం సూపర్‌వైజర్ గారు క్లాసు చూడటానికి వస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

గమకం: పిల్లల వయసెంత? మీది మగ గొంతా, ఆడ గొంతా? ఏ శ్రుతి?

తీగనాదం: ముందు యాప్‌లూ కీబోర్డులూ పక్కన పెట్టండి. కీబోర్డులో అంతర గాంధారం (గ) షడ్జమానికి (స) 400 సెంట్ల ఎత్తున ఉంటుంది; పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు. తంబురాలో సహజంగా పలికే గాంధారం 5:4 నిష్పత్తి, అంటే దాదాపు 386 సెంట్లు. లేత చెవులకు మొదటి రోజు నుంచే తప్పు గాంధారం అలవాటు చేస్తే తర్వాత దిద్దడం ఎంత కష్టమో పాఠం చెప్పేవాళ్లకు తెలుసు.

గమకం: 14 సెంట్ల తేడాకు పిల్లలు గొణగరు.

సాధన_విద్యార్థి: ఒకటో తరగతి అండీ. నాది మగ గొంతే, ఒకటి శ్రుతి, అంటే సి నా షడ్జమం. కీబోర్డు మీద మధ్య సి నుంచి వాయిస్తే బాగానే అందుకుంటున్నారు, నేను పాడితేనే గోల. నా గొంతు బాగాలేదా?

బడిపాట: నీ గొంతుకేం కాలేదు తమ్ముడూ. నువ్వు పాడే షడ్జమం వాళ్ల షడ్జమానికి ఒక స్థాయి (ఆక్టేవ్), అంటే ఏడు స్వరాల మేర, కింద ఉంటుంది. కొందరు దాన్ని పైస్థాయిలో పట్టుకుంటారు, కొందరు నీ కిందికే దిగాలని చూస్తారు. అంత కింద వాళ్లకు గొంతు లేదు కాబట్టి అది గొణుగుడులా వస్తుంది. గట్టిగా పాడితే వాళ్లూ గట్టిగా అరుస్తారు, అంతే. మధ్య సి పక్కనున్న డి షడ్జమంగా పెట్టుకో, స నుంచి ప దాకా ఆ వయసుకు హాయిగా పలుకుతుంది. కొత్త వరుస వచ్చినప్పుడు నువ్వు కల్లగొంతుతో, అదే ఫాల్సెట్టో అనే సన్నని పైగొంతుతో, వాళ్ల స్థాయిలోనే మెల్లగా పాడి చూపించు. లేదా బాగా అందుకునే పాపతో ముందు పాడించు. ప-గ, ప-గ లాంటి రెండు స్వరాల పిలుపులతో మొదలుపెట్టు. పొడుగు పాట సోమవారానికి వద్దు.

లయ_విన్యాసం: ప-గ అంటే హంగరీ సంగీతకారుడు కోడాయ్ పేరున్న బోధన పద్ధతే కదా. ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు ఉంటుంది, అవి కూడా నేర్పండి, కోడాయ్ కనిపెట్టినవి చాలా బాగుంటాయి.

తీగనాదం: అవి కోడాయ్ కనిపెట్టినవి కావు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ రూపొందించాడు, కోడాయ్ పద్ధతిలోకి ఆ తర్వాత వచ్చాయి. ఇంకో మాట, ఇది శ్రుతి తప్పడం కానే కాదు, స్థాయి సమస్య. భావి టీచరు ఈ రెండూ కలిపేయకూడదు.

గమకం: ఇచ్చిన షడ్జమం వదిలేసి వేరే చోట గొణిగేవాళ్లు శ్రుతి తప్పినట్టే.

తీగనాదం: కారణం వేరు, ఫలితం వేరు. కారణాన్ని బట్టే పేరు పెట్టాలి.

సాధన_విద్యార్థి: థాంక్స్ అక్కా, డి పెట్టి చూస్తాను. ఫాల్సెట్టోలో పాడితే పిల్లలు నవ్వుతారేమో?

లయ_విన్యాసం: కర్వెన్ గుర్తులకూ కోడాయ్ గుర్తులకూ తేడా ఉందా?