ఓవర్‌హాలిన్ లాంటి షోల్లో వారంలో బండి రెడీ అయిపోతుంది కదా, మధ్యలో పని అంతా ఎక్కడికి పోతోంది?

రాత్రిరిమోట్:

అందరికీ నమస్తే. నాకు పాత కార్లు బాగుచేసే షోల పిచ్చి ఓవర్‌హాలిన్‌తో పట్టుకుంది, ఆ తర్వాత వీలర్ డీలర్స్, ఫాస్ట్ ఎన్ లౌడ్, కౌంటింగ్ కార్స్, బిచిన్ రైడ్స్ అని దొరికినవన్నీ చూసేశా, ఇంట్లోవాళ్ళు సీరియల్ పెట్టమని అడిగి అడిగి విసిగిపోయి ఫోన్లలోకి వెళ్ళిపోయారు. ఇంతా చూసి నేను స్పానర్ పట్టుకున్నది మాత్రం స్టెప్నీ మార్చడానికే, అదీ రెండుసార్లు.

డౌట్ ఏంటంటే, ఏ షో అయినా ఒకటే వరస. ముందు ఏ కొట్టంలోనో ఇరవై ముప్పై ఏళ్ళు పడి ఉన్న బండి, ఫ్లోర్ అంతా తుప్పు, కాలు పెడితే నేల తగులుతుంది. తర్వాత గ్రైండర్ నిప్పురవ్వలు ఒక పది సెకన్లు, దానికో గిటార్ మ్యూజిక్. వెంటనే పెయింట్ బూత్, తెల్ల సూటు వేసుకున్న ఒకాయన గన్ను అటూ ఇటూ ఊపుతాడు. బ్రేక్ అయ్యాక వచ్చి చూస్తే బండి అద్దంలా ఉంటుంది. అరే, ఆ కన్నాలేమయ్యాయి, ఆ సొట్టలేమయ్యాయి? ఓవర్‌హాలిన్‌లో అయితే మొత్తం వారంలో అయిపోతుంది. ఇది నిజమా, లేక ముందే రెడీ చేసిన వేరే బండి తెచ్చి పెడతారా? రెండోది, వీటిల్లో నిజంగా పని నేర్పే షో ఏదైనా ఉందా?

టర్బోబాబు:

అంతా నాటకం బ్రో. పింప్ మై రైడ్ చూసి పెరిగినోళ్ళం మనం, షో నడిపే ర్యాపర్ ఎగ్జిబిట్ వచ్చి తలుపు కొట్టగానే గంతులేశాం కదా, తర్వాత అందులో పాల్గొన్నవాళ్ళే కొందరు చెప్పారు బండి నెలల తరబడి షెడ్డులోనే ఉంచారని, పెట్టిన వస్తువుల్లో కొన్ని షూటింగ్ అయ్యాక తీసేశారని. డిక్కీలో టీవీలు పెట్టారు గానీ ఇంజిన్ సంగతి ఎవడు చూశాడు.

ముప్ఫైరెండుఫోర్డ్:

టర్బోబాబు గారూ, పింప్ మై రైడ్‌నీ ఓవర్‌హాలిన్‌నీ ఒకే గాటన కట్టేయకండి, అది ఎంటీవీ తమాషా, ఇది పని తెలిసినవాళ్ళ షో. ఓవర్‌హాలిన్‌లో డిజైనర్ చిప్ ఫూస్ ముందు తెల్ల కాగితం మీద బండి బొమ్మ గీస్తాడు చూడండి, నాకు షో మొత్తంలో ఇష్టమైనది అదే, ఇంకా బోల్టు కూడా విప్పకముందే చివరికి ఎలా ఉండాలో ఆయనకి తెలిసిపోతుంది. వారంలో చేయడం అబద్ధం కాదు, కాకపోతే వారం అంటే మన లెక్కలో వారం కాదు. రాత్రీ పగలూ షిఫ్టుల మీద ఒక్క బండి చుట్టూ గుంపుగా మనుషులు, విడిభాగాలు ముందే తెప్పించి బల్ల మీద పరిచి ఉంటాయి, ఒకడు సీట్లు కుడుతుంటే ఇంకొకడు వైరింగ్ లాగుతుంటాడు. మామూలు షెడ్డులో ఇద్దరు మనుషులు చేసే పనిని అలా ఒక వారంలోకి కుక్కుతారు.

కానీ అదే ఫూస్ టీవీ కెమెరా లేనప్పుడు ఎలా చేస్తాడో చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఆయన కట్టిన 1936 ఫోర్డ్ రోడ్‌స్టర్ ఒకటుంది, ఇంప్రెషన్ అని పేరు, 2005లో డెట్రాయిట్ ఆటోరామా అనే కార్ల షోలో రిడ్లర్ అవార్డ్ కొట్టింది, హాట్ రాడ్ వాళ్ళకి, అంటే పాత బండ్లని స్పీడు కోసం మార్చి కట్టుకునేవాళ్ళకి, అంతకంటే పెద్ద ప్రైజ్ లేదు. దానికి ఏళ్ళు పట్టింది. వారంలో ఒకటి, ఏళ్ళలో ఒకటి, రెండూ ఒకే మనిషి చేతి పనే. ఫొటోలో చూస్తే రెండూ మెరుస్తూనే ఉంటాయి, దగ్గరికెళ్ళి డోరు సందులో వేలు పెట్టి చూస్తే కదా తేడా తెలిసేది.

ఇంకో ముచ్చట. ఫూస్ 90ల్లో పనిచేసింది బాయ్డ్ కాడింగ్టన్ దగ్గర, ఆ బాయ్డ్ ఒకప్పుడు డిస్నీలాండ్‌లో మెషినిస్టు. అల్యూమినియం దిమ్మని చెక్కి చక్రాలు చేసే స్టైల్‌కి పేరు తెచ్చింది ఆయనే. తర్వాత ఫూస్ బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. 2004లో గురువుగారి అమెరికన్ హాట్ రాడ్, శిష్యుడి ఓవర్‌హాలిన్ రెండూ టీవీలో మొదలయ్యాయి. గురువు షోలో అరుపులు, శిష్యుడి షోలో ఏడుపులు, ఆనందంతోనే లెండి. 2008లో బాయ్డ్ పోయారు.

లప్పంరాజు:

గీ ముచ్చట మీద నేను మాట్లాడకపోతే ఎట్ల. నేను టింకరింగ్, పెయింటింగ్ పనిల పదిహేనేండ్లు ఉన్న, చేతులకు ఇంకా థిన్నర్ వాసన పోలేదు. రాత్రిరిమోట్ అన్నా, నువ్వు మధ్యల మాయమైందంటున్నవే, గదే మా పని. టీవీల గన్ను వట్టుకున్నోడే హీరో, కని రంగు కొట్టుడు పొద్దుమీకి ఒక పూట పని. దానికి ముందు వారాలు పోతయి.

ఫస్ట్, పాత రంగు తీసుడు. ఇసుక కొట్టి తీస్తరు, మంచిగనే ఉంటది, కని బానెట్, టాప్ అసుంటి వెడల్పు రేకు మీద అందాజ లేకుండ గట్టిగ కొట్టినవనుకో, రేకు అప్పడం లెక్క వంకరలు తిరుగుతది, ఇగ దాన్ని సాపు చేసుడు ఎవని తరం కాదు. తర్వాత తుప్పు వట్టిన కాడ కోసి కొత్త రేకు అతుకు పెట్టాలె. షోల ఒక్క గీత వెల్డింగ్ చూపెడ్తరు, నిజంగ అట్ల ఒక్క తీరుగ లాగితే వేడికి రేకు గుంజుకపోతది. ఈడ ఒక టాకా, ఆడ ఒక టాకా, చల్లారినంక మధ్యల ఇంకోటి, అట్ల చుట్టూ తిరగాలె. ఒక్క జానెడు అతుకుకు పూట పోతది.

ఇగ డోర్లు, బానెట్, డిక్కీ అన్ని బిగించి సందులు చూడాలె, పైన అగ్గిపుల్ల వడ్తె కింద కూడ అగ్గిపుల్లనే వట్టాలె. సందులు కుదిరినంక మళ్ల మొత్తం విప్పాలె, రంగు కొట్టి మళ్ల బిగియ్యాలె. అంటే బండిని రెండుసార్లు కట్టినట్టు. టీవీల ఒక్కసారే కడ్తరు.

దాని తర్వాత ప్రైమర్, లప్పం, మళ్ల ప్రైమర్. ఎండినంక పైన నల్ల పొడి సన్నగ తుంపర లెక్క కొట్టి, పొడుగు చెక్కకు పేపర్ పెట్టి రుద్దాలె. నల్లది ఎక్కడ మిగిలితే అక్కడ లొత్త ఉన్నట్టు, ఎక్కడ రేకు కనవడ్తె అక్కడ ఉబ్బు ఉన్నట్టు. మళ్ల ప్రైమర్, మళ్ల రుద్దుడు. రంగు, దాని మీద క్లియర్ అనే రంగులేని మెరుపు పూత కొట్టినంక వాటర్ పేపర్, 1500, 2000, 3000 నంబర్లు, అటెన్క కాంపౌండ్ ఏసి బఫింగ్. గీ రుద్దుడు ఎవడు చూస్తడు టీవీల? నాకే చూడబుద్ధి కాదు.

తొందర వడ్తె ఏమైతదో గది గూడ చెప్తున్న. లప్పం, ప్రైమర్ పైకి ఎండినట్టే ఉంటయి, లోపల ఇంకా కుంగుతుంటయి. ఆగకుండ మీదికెల్లి రంగు కొడితే డెలివరీ నాడు అద్దం లెక్కనే ఉంటది, కొన్ని వారాలైనంక ఎండల నిలబెట్టి చూడు, కింద రుద్దిన గీతలన్ని పైకి తేలుతయి. కెమెరా అప్పటికి ఎల్లిపోయి ఉంటది. నల్లరంగు అయితే ఇగ చెప్పకు, నల్లరంగు ఏదీ దాయదు.

రాత్రిరిమోట్:

లప్పంరాజు అన్నా, దండం. ఇరవై ఏళ్ళుగా షోలు చూస్తున్నా, బండిని రెండుసార్లు కడతారని ఎవడూ చెప్పలేదు నాకు. సరే, వీలర్ డీలర్స్ మీద కూడా ఎవరైనా చెప్పండి, చివర్లో బండ్లు కొని అమ్మే మైక్ బ్రూవర్ చేతులు కలిపి ఇంత లాభం అంటాడు కదా, అన్ని ఎపిసోడ్లు చూశాక ఇదేదో మంచి బిజినెస్‌లా ఉందే అనిపించిన మాట నిజం.

ఆరెంజ్‌గ్లవ్స్:

అనిపించినా చేయకండి సార్ 😀 ఆ లెక్కలో బండి కొన్న ధర, విడిభాగాల ఖర్చు, అమ్మిన ధర ఉంటాయి, షోలో మెకానిక్ ఎడ్ చైనా రోజుల తరబడి చేసిన పనికి కూలి మాత్రం ఉండదు. షెడ్డు అద్దె కూడా లేదు. కూలి కలిపారంటే చాలా ఎపిసోడ్లలో ఆ చేతులు కలపడం ఓదార్పు కోసం కలిపినట్టుంటుంది.

అయినా మీ రెండో ప్రశ్నకి నా జవాబు అదే షో, పాత సీజన్లు. 2003లో బ్రిటన్‌లో మొదలైంది. ఎడ్ చైనా ఆరెంజ్ గ్లవ్స్ వేసుకుని ఒక బేరింగ్ ఎందుకు అరిగిందో, దాన్ని బయటికి ఎలా లాగాలో, ఏ పనిముట్టు లేకపోతే దేంతో సర్దుకోవాలో చెప్తుంటే పిల్లలకి కూడా అర్థమవుతుంది. అరవడు, గడువు అయిపోతోందని గోల ఉండదు. తర్వాత ఆయన 2017లో వెళ్ళిపోయాడు, ఎందుకో కూడా ఒక వీడియోలో ఆయనే చెప్పాడు, షెడ్డు సీన్లు తీయడం కష్టమని, వాటిని తగ్గించాలని ఛానల్ వైపు నించి వచ్చిందట, నేను ఒప్పుకోలేకపోయాను అన్నాడు. అంటే చూడండి, మీరు మధ్యలో మాయమైందని అడుగుతున్నది ఏదో, దాని కోసమే ఒక మనిషి తన షో వదులుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన యాంట్ ఆన్‌స్టెడ్ కూడా పనిమంతుడే, తక్కువ చేయను, కానీ నాకు ఎడ్ లేని వీలర్ డీలర్స్ ఉప్పు లేని పప్పే.

కార్ ఎస్ఓఎస్ కూడా చూడండి, నేషనల్ జియోగ్రాఫిక్‌లో వస్తుంది, టిమ్ షా, ఫజ్ టౌన్‌షెండ్. జబ్బు చేసో ఇంకేదో కష్టం వచ్చో సగంలో ఆపేసిన వాళ్ళ బండ్లని ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని రహస్యంగా తీసుకెళ్ళి బాగుచేస్తారు. ఏడిపిస్తారు, ముందే చెప్తున్నా.

మోపార్‌మామ:

ఎవరూ గ్రేవ్‌యార్డ్ కార్జ్ పేరెత్తలేదేంటి? ఆరిగన్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మార్క్ వోర్మన్ అని ఒకాయన, క్రైస్లర్, డాడ్జ్, ప్లిమత్ తప్ప వేరే బండి ముట్టుకోడు. జోకులు భరించాలి, ఒప్పుకుంటా, చాలా భరించాలి. కానీ ఆ పిచ్చి చూడాల్సిందే. వాళ్ళు బండిని కొత్తదానికంటే అందంగా చేయరు, ఫ్యాక్టరీలోంచి ఆ రోజు ఎలా బయటికొచ్చిందో అలా చేస్తారు. అంటే ఫ్యాక్టరీలో పనివాడు బండి అడుగున అడ్డదిడ్డంగా కొట్టిన అండర్‌కోట్ పూత కూడా అలాగే అడ్డదిడ్డంగా కొడతారు, ఇన్‌స్పెక్టర్ రంగుతో పెట్టిన టిక్కు గుర్తు కూడా అదే చోట పెడతారు.

అదేం చాదస్తం అనుకోకండి, దాని వెనక డబ్బుంది. బానెట్ ఎత్తితే లోపల ఫెండర్ మీద చిన్న రేకు బిళ్ళ ఉంటుంది, ఆ బండి ఏ ఇంజిన్‌తో, ఏ గేర్‌బాక్స్‌తో, ఏ రంగుతో పుట్టిందో కోడ్‌లలో అందులో రాసి ఉంటుంది. హెమీ అనే పెద్ద ఇంజిన్‌తో వచ్చిన ప్లిమత్ బండి, 1971 హెమీ కుడా కన్వర్టిబుల్, మొత్తం తయారైనవే 11, అందులో ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది. అదే బాడీలో చిన్న ఇంజిన్‌తో పుట్టినదాన్ని తెచ్చి తర్వాత హెమీ పెట్టి అమ్మేవాళ్ళు ఉంటారు, చూడ్డానికి తేడా ఏమీ ఉండదు. అందుకే ఆ బిళ్ళ, ఆ నంబర్లు, ఆ టిక్కు గుర్తులు. ఇలాంటి బండికి ఎవడో వచ్చి జనరల్ మోటార్స్ వాళ్ళ కొత్తకాలం ఎల్ఎస్ ఇంజిన్ పెట్టి, ఇరవై అంగుళాల చక్రాలు వేసి, పాత బాడీలో కొత్త సామాను, ఇది రెస్టోమాడ్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫాస్ట్ ఎన్ లౌడ్‌లో యాక్సిడెంట్ అయిన ఫెరారీ ఎఫ్40 కొని బాగుచేసి నల్లరంగు కొట్టారు గుర్తుందా? ఫ్యాక్టరీలోంచి ఎర్రగా వచ్చే ఎఫ్40కి నల్లరంగు!

ముప్ఫైరెండుఫోర్డ్:

మామా, 11 బండ్లే ఉన్నదాని జోలికి వెళ్ళొద్దంటే నేనూ మీ పక్షమే. కానీ లక్షల్లో తయారైన బండ్లని కూడా ముట్టుకోవద్దంటే అసలు హాట్ రాడ్ అనేదే పుట్టేది కాదు. 1932లో ఫోర్డ్ వాడు మామూలు జనం కొనే బండిలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ పెట్టాడు, 65 హార్స్‌పవర్, అప్పటికి అది గొప్పే. తర్వాత అవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేసరికి కాలిఫోర్నియా కుర్రాళ్ళు కొని, బరువు తగ్గుతుందని మడ్‌గార్డ్‌లు పీకేసి, ఎండిన సరస్సుల మీద ఎవడి బండి ఎంత స్పీడు పోతుందో పందేలు వేసుకున్నారు. మనం ఇప్పుడు స్టైల్ అనుకుంటున్నది అప్పుడు బరువు లెక్క. ఆ కుర్రాళ్ళకి ఎల్ఎస్ దొరికి ఉంటే పెట్టకుండా ఉండేవాళ్ళా చెప్పండి. పైగా పాత డ్రమ్ బ్రేకులు, బ్రేక్ ఆయిల్‌కి ఒకటే లైను, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది. రోజూ నడుపుకునేవాడు డిస్కులు, రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ పెట్టుకుంటే తప్పా?

మోపార్‌మామ:

బ్రేకులు పెట్టుకోండి, కాదనను. పాతవి పారేయకుండా డబ్బాలో దాచండి, అంతే నేను అడిగేది. ఎల్ఎస్ మాత్రం నా ముందు ఎత్తకండి.

టర్బోబాబు:

తుప్పుని అలాగే ఉంచి పైన క్లియర్ కొట్టి పాటినా అంటున్నారు కదా ఇప్పుడు, అది బెస్ట్ అన్నా, రుద్దుడు పనే లేదు 😂

లప్పంరాజు:

కనవడే తుప్పు కాదు తమ్మీ బండిని తినేది, డోర్ల అడుగున, ఛాసిస్ లోపల కనవడకుండ ఉన్నదే తింటది. పైన క్లియర్ కొడితే మీద ఫొటో దిగుతది, కింద రేకు రాలుతది. అడుగు మొత్తం సాపు చేసినంక మీద పాటినా ఉంచుకో, అప్పుడు నేను గూడ వచ్చి చూస్త.

రాత్రిరిమోట్:

ఎడ్ ఉన్న పాత వీలర్ డీలర్స్ మళ్ళీ మొదటి నించి మొదలుపెడుతున్నా, గ్రేవ్‌యార్డ్ కార్జ్ సౌండ్ తగ్గించి చూస్తా మామా. ఒక్కటి అడగనా, బండి కొనే స్తోమత ఇప్పుడు లేదు, పాత సామాన్లలో ఒక బానెట్ తెచ్చుకుని ఇంటి వెనక ఆ రుద్దుడు పని నేర్చుకుందామని ఉంది, నవ్వకండి.

లప్పంరాజు:

నవ్వుడెందుకన్నా, నేను గూడ అట్లనే నేర్సిన. కని ఫస్టే బానెట్ వద్దు, గంత వెడల్పు రేకు సాపు చేసుడు ఉస్తాద్‌లకే కష్టం. సొట్ట వడ్డ ఫెండర్ ఒకటి తెచ్చుకో, చిన్నగ ఉంటది, వంపులుంటయి, చెయ్యి తిరుగుతది. చూపుతోని కాదు, కండ్లు మూసుకుని అరచెయ్యి పెట్టి తడిమి చూడు, లొత్తలు చేతికే తెలుస్తయి. ముక్కుకు మంచి మాస్క్ కట్టుకో, గుడ్డ కాదు. ప్రైమర్ ఎండినంక ఆగు, ఇంకా ఆగు. మొదటి ఫెండర్‌కు తెల్లరంగు కొట్టుకో, లేకుంటే బూడిద రంగు. నల్లది మాత్రం ముట్టకు.