“సమశీలశ్రుతయుతులకు” పద్యం: ద్రుపదుడి మాట స్నేహానికి సూత్రమా?

జయపురం నుంచి ప్రశ్న:
ఆదిపర్వంలోని ఈ కందాన్ని పెళ్ళిసంబంధాల ప్రస్తావన వచ్చినప్పుడు మా పెద్దలు తరచు చదివేవారు.

సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకుం
దమలో సఖ్యమును వివా
హము నగుఁ గా కగునె రెండు నసమానులకున్

వియ్యం సంగతి సరే. చిన్ననాటి స్నేహాలు నడివయసుకు పలచబడిపోవడానికి కూడా ఆస్తులూ హోదాలూ సమానంగా లేకపోవడమే మూలమని ఒక మిత్రులు ఈ పద్యం చూపి వాదించారు. నన్నయగారి అభిప్రాయం అదేనని చెప్పవచ్చునా?

పర్లాకిమిడి నుంచి సమాధానం:
అయ్యా, ఈ మాట నన్నయది కాదు, ఆయన ద్రుపదుడి నోట పలికించినది. ద్రోణుడూ ద్రుపదుడూ అగ్నివేశుని వద్ద కలిసి విలువిద్య నేర్చినవారు. తరువాత ఒకడు పాంచాలానికి రాజయ్యాడు, ఇంకొకడు కొడుక్కి పాలు పోయలేని సంసారి అయ్యాడు. ఆ సంసారి పాత చనువుతో కొలువుకు వచ్చి బాల్యసఖుణ్ణని చెప్పుకున్నప్పుడు, ధనికుడికీ దరిద్రుడికీ, పండితుడికీ మూర్ఖుడికీ, శూరుడికీ పిరికివాడికీ పొత్తు ఎలా కుదురుతుందని ముందొక వృత్తంలో ఏకరువు పెట్టి, ఆ వెంట ద్రుపదుడు ఈ కందం అంటాడు. ఇంటికి వచ్చిన నేస్తాన్ని సాగనంపడానికి చెప్పిన సాకును మనం నీతిగా వల్లిస్తున్నాము.

సంస్కృత భారతంలో అతడే ఇంకొక మాట కూడా అంటాడు: “సౌహృదాన్యపి జీర్యంతే కాలేన పరిజీర్యతామ్”. కాలంతోపాటు మనుషులు జీర్ణించినట్టే వారి స్నేహాలూ జీర్ణిస్తాయని తాత్పర్యం. నా మట్టుకు, కందంలోని వాదం కన్న ఇందులోనే నిజం ఎక్కువ. మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో తెల్లవారకముందే పూలబొమ్మల శుభోదయాలు మొదలవుతాయి. వాటిని తప్పకుండా పంపుకునే ఇద్దరు ఇంజనీర్లు ఒకే నగరంలో, ఇంచుమించు ఒకే జీతం మీద ఉంటూ ఏళ్ళ తరబడి కలుసుకోలేదు. వారి మధ్య తగవూ లేదు, ఎక్కువ తక్కువల పేచీ అంతకన్నా లేదు. కలిసి చేయవలసిన పని ఏదీ మిగలలేదు, అంతే.

పద్యంలోని సూత్రాన్ని కథే పరీక్షించి చూపుతుంది. అర్జునుడి చేత ద్రుపదుణ్ణి పట్టి తెప్పించిన ద్రోణుడు, రాజు కానివాడు రాజుకు సఖుడు కాలేడన్నావు గనుక అని ఎత్తిపొడిచి, అహిచ్ఛత్రంతో కూడిన సగం రాజ్యం తాను ఉంచుకుని, గంగకు దక్షిణాన ఉన్న సగం తిరిగి ఇచ్చాడు. ఇద్దరూ “సమధనవంతులు” అయ్యారు. సఖ్యం కలగలేదు సరిగదా, ద్రోణుణ్ణి చంపగల కొడుకు కోసం ద్రుపదుడు యజ్ఞం చేశాడు.

అయితే పద్యాన్ని పూర్తిగా కొట్టివేయనక్కరలేదు. ధనం కంటే ముందు శీలమూ శ్రుతమూ వచ్చాయి. శ్రుతమంటే చదువు, విని నేర్చిన విద్య. మా వీధిలో సాయంత్రాలు హార్మోనియం ముందు కూర్చునే ఇద్దరి విషయంలో మాత్రం దాన్ని శ్రుతి అనుకున్నా నష్టం లేదు. ఒకరు బట్టల కొట్టు యజమాని, రెండవవారు అదే కొట్టులో గుమాస్తాగా చేసి మానుకున్నవారు. యజమాని నాటక పద్యం అందుకుని రాగం మరీ సాగదీస్తే, గుమాస్తా చేయెత్తి ఆపి, “బాబూ, అక్కడ మాట విరిగిపోతోంది” అని మళ్ళీ మొదటినుంచి చదివిస్తారు. ఆయన చదువుతారు.

ఈ ఊరివాణ్ణి గనుక గిడుగు, గురజాడల పేర్లు చెప్పకుండా ఉండలేను. విజయనగరంలో సహాధ్యాయులైన ఈ ఇద్దరిలో రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులుగా చేరి, ఆ తరువాత శాసనాలలో, సవర భాషలో మునిగిపోయారు. అప్పారావుగారు విజయనగరం సంస్థానాన్ని ఆశ్రయించి నాటకం, కవిత్వం చేపట్టారు. స్నేహం జీర్ణించడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. వ్యావహారిక భాషావాదం వారిని మళ్ళీ ఒక పనిలోకి తెచ్చింది. 1914లో గురజాడ, వ్యావహారికాన్ని ఒప్పుకోని మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంతో విభేదిస్తూ అసమ్మతి పత్రం రాశారు, మరుసటి ఏడు కన్నుమూశారు. గిడుగు 1940లో పోయేదాకా ఆ వాదాన్ని మోశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారు గాని దాన్ని విడవలేదు. (ఇంత బిగువైన భాషలో ఆయన్ను తలచినందుకు ఆయన ఊరివారే నన్ను మందలించవచ్చు.)

బరంపురం నుంచి:
బాగున్నది గాని, ఒక సందేహం. మా వైపు ఒడియావారిలో జగన్నాథుని మహాప్రసాదం సాక్షిగా నేస్తం కట్టి, ఆనాటినుంచి ఒకరినొకరు “మహాప్రసాద” అనే పిలుచుకునే ఆచారం ఉన్నది. అందులో ఆస్తి చూడరు, చదువూ చూడరు. మీ సమశ్రుతం అక్కడ వర్తించదు గదా?

పర్లాకిమిడి నుంచి:
వర్తించదు, మీరన్నది సరి. అది అభిరుచి మీద కాక, చుట్టరికం వంటి బాధ్యత మీద నిలిచే బంధం. మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయినా పెళ్ళికి పిలవాలి, చావుకు వెళ్ళాలి. శ్రీకాకుళం వైపు నేస్తరికం కట్టడమూ ఇటువంటిదే. బహుశా ద్రోణుడు తన చిన్ననాటి చెలిమిని ఇటువంటి కట్టుబాటుగా ఎంచి వెళ్ళాడు; ద్రుపదుడు దాన్ని గురుకులంతో తీరిపోయిన పరిచయంగా ఎంచాడు.