స్వాతంత్ర్యం ‘ఇచ్చారా’, ‘వచ్చిందా’, ‘తెచ్చుకున్నారా’?

ప్రశ్న: మారిషస్ గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. “1968 మార్చి 12న బ్రిటన్ మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చింది” అని రాశాక మనసొప్పలేదు. వాళ్ల సొమ్మేదో దానం చేసినట్టుంది. ‘మారిషస్ సాధించింది’ అని మార్చాను. సరేనంటారా?

జవాబు: ‘ఇచ్చింది’ తీసేయడం మంచి పనండీ. అది దొర వైపు నుంచి చెప్పే మాట. మన ఇళ్లలో పెద్దవాళ్లు “స్వతంత్రం వచ్చిన ఏడాది పుట్టాను” అంటారు, వాన వచ్చింది, పండగ వచ్చింది అన్నట్టే. అందులో ఇచ్చినవాడు లేడు, తెచ్చినవాడూ లేడు. ‘తెచ్చుకున్నాం’ అనండి, ఆ ‘కొను’ చేరగానే కష్టమూ ఫలితమూ రెండూ మనవైపోతాయి. నాకు ‘సాధించడం’ కన్నా ఆ మాటే ఇష్టం.

కానీ ఇక్కడ చిక్కు క్రియలో కన్నా కర్తలో ఉంది. ‘మారిషస్’ అంటే ఎవరు? 1967 ఆగస్టు ఎన్నికల్లో అసలు ప్రశ్న స్వాతంత్ర్యమే. స్వాతంత్ర్యం కావాలన్న శివసాగర్ రాంగులాం కూటమికి 62 సీట్లలో 39 వచ్చాయి. అయినా 44 శాతం దాకా ఓట్లు వద్దన్న పార్టీకి పడ్డాయి. హిందువులు ఎక్కువగా ఉన్న దేశంలో రేపు మా గతేమిటని ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ జనంలో చాలామంది భయపడ్డారు. 1968 జనవరిలో రాజధాని పోర్ట్ లూయిస్‌లో అల్లర్లు జరిగి బ్రిటిష్ సైన్యం దిగింది. ఆ తర్వాత రెండు నెలలకే కొత్త జెండా ఎగిరింది. ఆ భయపడ్డ ఇళ్లవాళ్లను కూడా ‘సాధించింది’లో కలిపేస్తే అన్యాయం అనిపిస్తుంది.

ప్రశ్న: మరి మనవాళ్లో? కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటలకు పోయినవాళ్ల పిల్లలూ ఓటేశారు కదా. అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడింది. వాళ్ల విషయంలోనైనా ‘తెచ్చుకున్నారు’ అనకూడదా?

జవాబు: ఓటేసి గెలిపించినవాళ్ల గురించి రాసే చోట తప్పకుండా అనండి, నేనూ అంటాను. దేశం మొత్తం గురించి మాత్రం ఆలోచించాలి. 1965లోనే బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసి తన దగ్గర ఉంచుకుంది. ఆ దీవుల్లో ఒకటైన డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించి, 1973 నాటికి అందరినీ పంపేశారు. మారిషస్ వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. సొంత ఊరు పోగొట్టుకుని పోర్ట్ లూయిస్ రేవులో దిగిన చాగోస్ మనిషి ముందు ‘వచ్చింది’ అనడానికి కూడా నాకు నోరు రాదు.

అందుకే నేనైతే ఇలా రాస్తాను: “1968 మార్చి 12న మారిషస్ స్వతంత్ర దేశమైంది. చాగోస్ దీవులు అప్పటికే దాని చేతిలో లేవు.” రెండో వాక్యాన్ని కింద నోట్‌లోకి నెట్టకండి.