"1 సంవత్సరం 12 నెలల 1 రోజు" అని చూపిస్తాంది, ఏం చేయాల?

ప్రొద్దుటూరు_కుర్రోడు:
మా మామకు ప్రొద్దుటూరులో తాకట్టు అంగడి ఉంది. బంగారు పెట్టినోళ్ల చీటీలు ఇన్నాళ్లూ చేత్తోనే రాసేటోడు. నేనే పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసిచ్చినా. ఈరోజు తేదీలోంచి పెట్టిన తేదీ తీసేసి, వచ్చిన రోజుల్ని 365తో, మిగిలినవాటిని 30తో భాగిస్తాండా. 2023 మార్చి 10న కమ్మలు పెట్టిన ఒకామె 2025 మార్చి 5న విడిపించుకోను వచ్చింది. చీటీలో పైన రాసినట్టు పడింది. "పన్నెండు నెలలంటే సంవత్సరమే కదప్పా, ఇంకో రోజు యాడిది?" అనింది. మామ నా మొగం చూసినాడు.

అనంతపురం_పైథాన్:
మొత్తం 726 రోజులు. 365 పోతే 361. అందులో ముప్పైలు పన్నెండు, మిగిలింది ఒకటి. ఆ భాగహారం తీసేసి, డేట్‌యుటిల్ అనే పైథాన్ లైబ్రరీలో రిలేటివ్‌డెల్టా వాడు, రెండు తేదీల మధ్య సంవత్సరాలు, నెలలు, రోజులు అదే లెక్కేస్తుంది. ఈరోజు తేదీ ముందు, పెట్టిన తేదీ తర్వాత ఇయ్యి, తారుమారైతే అన్నీ మైనస్‌లో వస్తాయి. ఆ కమ్మలకు 1 సంవత్సరం 11 నెలల 23 రోజులు వస్తుంది. తేదీతో పాటు గంటలు కూడా ఉండే డేట్‌టైమ్ ఇయ్యొద్దు, వట్టి డేట్ చాలు. పొద్దున 11కు పెట్టినామె ఇంకో దినం 10కే వస్తే ఒక రోజు తగ్గిపోతుంది.

కర్నూలు_అక్షరం:
లెక్క సరే, తెలుగు సంగతేంది? చాలామంది ఒకటి దాటితే "లు" తగిలించి వదిలేస్తారు, "సంవత్సరంలు" అని పడుతుంది. ఒక్కో మాటకు మూడు రూపాలు ప్రోగ్రాంలో ఒక పైథాన్ డిక్షనరీలో పెట్టుకో: నెల, నెలలు, నెలల. ఒకటైతే మొదటిది, ఆఖరి ముక్కకు రెండోది, మధ్యలో ఉంటే మూడోది. వెనక "క్రితం" వస్తే ఆఖరుదానికీ మూడోదే. "5 రోజులు క్రితం" అని చదివితే నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది. సున్నా ఉన్న ముక్క రాయొద్దు. అన్నీ సున్నాలైతే "ఈరోజే" అను.

ప్రొద్దుటూరు_కుర్రోడు:
"సంవత్సరంలు" నా చీటీల్లో కూడా ఉండాదన్నా, ఇప్పుడే చూసుకున్యా. జనవరి 31న పెట్టినోళ్లకు నెల ఎప్పుడు నిండుతుంది?

అనంతపురం_పైథాన్:
రిలేటివ్‌డెల్టా ఫిబ్రవరి ఆఖరు రోజుకే నింపేస్తుంది, 28 గానీ 29 గానీ. ఆ లెక్క చీటీ మీద చూపించేదానికే. వడ్డీకి వేరే ఫంక్షన్ రాయి, మీ మామ పద్ధతి అడిగి.

ప్రొద్దుటూరు_కుర్రోడు:
అడిగినా. నెల మీద ఐదు రోజుల దాకా వడ్డీ వదిలేస్తాడంట. మరి చీటీలో యాడా రాయలేదే అంటే, "నాకు తెలుసు కదరా" అంటాండాడు.