శ్వేతసర్ప గాథను పచ్చపాము వైపు నుంచి చదివితే

ప్రశ్న:
చైనావారి శ్వేతసర్ప గాథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హాంగ్‌ఝౌలోని పశ్చిమ సరస్సు దగ్గర వానలో గొడుగు ఇచ్చిన షూ షియెన్‌ను స్త్రీరూపంలో ఉన్న తెల్లపాము బాయ్ సుఝెన్ పెళ్లాడుతుంది. ఫాహాయ్ అనే సన్యాసి చివరికి ఆమెను లైఫెంగ్ గోపురం కింద బంధిస్తాడు. ఈ గాథనే ఆమె చెలికత్తె అయిన పచ్చపాము షియావోచింగ్ కళ్లతో చెప్పిన ఒక స్త్రీవాద పునఃకథనాన్ని ఈ మధ్య ఎంతో ఇష్టంగా చదివాను. ఇలా మార్చి చెప్పడం వల్ల పాత కథకు అన్యాయం జరుగుతుందా?

మొదటి జవాబు:
ముందు ఏది పాత కథ అన్నది తేల్చుకోవాలి. 1624లో చైనా రచయిత ఫెంగ్ మెంగ్‌లోంగ్ ప్రచురించిన కథలో ఆమెను బంధించడానికి భర్తే ఫాహాయ్ ఇచ్చిన భిక్షాపాత్రను ఆమె తలపై బోర్లించి, అది చాలదన్నట్టు తానే చందాలు పోగుచేసి ఏడంతస్తుల గోపురం కట్టిస్తాడు. అందులో చెలికత్తె పాము కూడా కాదు, వెయ్యేళ్ల చేప. ఆమె పామై, కత్తి పట్టి అక్కగా భావించే బాయ్ సుఝెన్ పక్కన నిలబడింది తరవాతి కథల్లోనే కనుక, మీరు చదివిన రచయిత్రి చేసింది కొత్త అపచారమేమీ కాదు.

రెండో జవాబు:
1924 సెప్టెంబరు 25న ఆ గోపురం నిజంగానే కూలిపోయింది. చైనా రచయిత లూ షున్ తన వ్యాసంలో, నాయనమ్మ చెప్పిన ఈ కథ విన్నప్పటి నుంచీ అది కూలాలనే కోరుకున్నానని రాశాడు. ఫాహాయ్ పీత చిప్పలో దాక్కున్నాడని, చిప్ప ఒలిస్తే లోపల సన్యాసి ఆకారం కనిపిస్తుందని కూడా అందులో ఉంది. ఇంట్లో పెద్దావిడ నోట ఈ కథ విన్న పిల్లవాడు ఎవరి పక్షం వహించాడో చూడండి. స్త్రీవాదం అన్న మాట వాడకపోయినా, ఆ పక్షపాతం వినేవాళ్లలో అప్పటికే ఉంది.

మూడో జవాబు:
నాకు ఒక్క అభ్యంతరం ఉంది. పండుగనాడు మణిశిల అనే ఎర్రటి ఖనిజం కలిపిన మద్యం తాగి బాయ్ సుఝెన్ పాముగా మారడం, అది చూసి గుండె ఆగిన భర్త కోసం మూలికను దొంగిలించి తేవడం ఈ పునఃకథనాలు చక్కగానే చెబుతాయి. అయితే ఫాహాయ్ పట్టి ఉంచిన భర్తను విడిపించుకోవడానికి ఆమె ఆ సన్యాసి ఉండే జిన్‌షాన్ ఆలయం మీదికి రప్పించిన వరదలో ఏ పాపమూ ఎరుగనివాళ్లు కూడా చనిపోతారు. ఆ చావులను దాటవేసి ఆమెను మచ్చలేని బాధితురాలిగా చూపితే, ఆమె కోపానికి ఉన్న బరువును మనమే తగ్గించినట్టు అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పింది నిజం. నేను చదివిన పుస్తకంలో వరద ఒక్క పేరాలో ముగిసిపోయింది. అక్క పక్కనే ఉండి ఆ నీళ్లను చూసిన పచ్చపాము ఏమనుకుందో రచయిత్రి ఒక్క మాటైనా రాయలేదు.