నాలుగు వైపులా కొలిచాం, గజాలు ఎన్నో తేలట్లేదు

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

అందరికీ నమస్కారం. ఊళ్లో ఒక ఖాళీ స్థలం కొనాలనుకుంటున్నాం. నాలుగు మూలలా రాళ్లు ఉన్నాయి కానీ స్థలం వంకరగా ఉంది. టేపు పెట్టి కొలిస్తే ఉత్తరం 45 అడుగులు, తూర్పు 60, దక్షిణం 65, పడమర 70 వచ్చాయి. మధ్యవర్తి ఎదురెదురు వైపులు కూడి, సగం చేసి, ఆ రెండూ గుణించి 397 గజాలు అన్నారు. ఇంటికొచ్చి ఫోన్‌లో ఒక క్యాలిక్యులేటర్‌లో అవే నాలుగు అంకెలు వేస్తే దాదాపు 391 చూపించింది. బేరం గజాల లెక్కన కాబట్టి ఆరు గజాల తేడా మాకు చిన్నదేం కాదు. ఏది నమ్మమంటారు?

జవాబు (లెక్కల మాస్టారు, తెనాలి)

ఇప్పటికి రెండూ నమ్మకండి. మీరిచ్చిన నాలుగు కొలతలతో ఆ స్థలం విస్తీర్ణం ఎవరూ చెప్పలేరు.

నాలుగు బద్దలు తీసుకుని మూలకొక్క మేకు చొప్పున కొట్టి చూడండి. చేత్తో నొక్కితే ఆ చట్రం పక్కకు వాలిపోతుంది. బద్దల పొడవులు మారలేదు, మూలలు మారాయి, లోపలి జాగా మారింది. మూడు బద్దలతో చేస్తే మాత్రం కదలదు. త్రిభుజానికి మూడు భుజాలు తెలిస్తే మూలలు వాటంతటవే ఖాయమైపోతాయి, చతుర్భుజానికి అలా కావు. అందుకే ఇంకొక్క కొలత కావాలి: ఒక మూల నుంచి ఎదురు మూలకు, అంటే వికర్ణం.

మీ నాలుగు వైపులూ అలాగే ఉంచి, వాయవ్యం రాయి నుంచి ఆగ్నేయం రాయికి దూరం 65 అడుగులు అనుకుంటే స్థలం 358 గజాలు వస్తుంది. 85 అనుకుంటే 390. 95 అనుకుంటే మళ్లీ తగ్గి 369. దస్తావేజులో రాసే నాలుగు కొలతలు ఈ మూడింటికీ ఒకటే.

మధ్యవర్తి పద్ధతి తరతరాలుగా వాడుకలో ఉన్నదే. అది ఎందుకు ఎక్కువ చూపిస్తుందో తెలుసుకోవడం మంచిది. ప్రతి మూల దగ్గరా కలిసే రెండు వైపులతో ఒక త్రిభుజం ఊహించుకోండి. నాలుగు మూలలకు నాలుగు త్రిభుజాలు, వాటి మొత్తం స్థలానికి సరిగ్గా రెట్టింపు. రెండు భుజాలు ఇచ్చినప్పుడు వాటి మధ్య కోణం 90 డిగ్రీలైతేనే త్రిభుజం వీలైనంత పెద్దదవుతుంది. కోణం కొంచెం మూసుకున్నా, తెరుచుకున్నా తగ్గుతుంది. సగటులు గుణించడమంటే నాలుగు మూలలూ 90 డిగ్రీలే అని ఒప్పేసుకోవడం. కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తక్కువ చూపదు. దీర్ఘచతురస్రమైతే సరిపోతుంది, లేకపోతే కొనేవాడికే నష్టం.

ఫోన్ చూపించిన 391 మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడి సూత్రంతో వచ్చింది. ఆయన క్రీ.శ. 628లోనే సగటుల పద్ధతిని స్థూలమని (సుమారు లెక్క), ఈ సూత్రాన్ని సూక్ష్మమని (కచ్చితమైన లెక్క) విడదీసి చెప్పాడు. అయితే ఇది నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్నప్పుడే, అంటే ఎదురెదురు కోణాలు కలిపితే 180 అయినప్పుడే నిజం. అదే నాలుగు వైపులతో రాగలిగిన అతి పెద్ద విస్తీర్ణం కూడా అదే. మీ స్థలం అంతకు మించి ఉండే అవకాశమే లేదు. 397 తప్పని కొలవకుండానే తేలిపోయింది.

1150లో లీలావతి అనే గణిత గ్రంథం రాసిన భాస్కరాచార్యుడికి ఈ విషయంలో బాగా కోపం. వికర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాడు పిశాచమని, జవాబు చెప్పేవాడు అంతకంటే పెద్ద పిశాచమని రాశాడు. మీరు బాధపడకండి, అడగడం మంచిదైంది. ఆ ఒక్క దూరం కొలిచి ఇక్కడ పెట్టండి.

జవాబు (రిటైర్డ్ సర్వేయర్, నల్గొండ)

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కాదు, రెండు వికర్ణాలూ కొలవండి. ఒకటి లెక్కకు, రెండోది ఆ లెక్క సరిచూసుకోవడానికి. టేపు రాయి నడిమి నుంచి రాయి నడిమికి పట్టాలి. మధ్యలో కంప తగిలి టేపు వంగితే దూరం ఎక్కువ వస్తుంది, ముందు కొట్టించండి. నేల వాలుగా ఉంటే టేపును నేలకు ఆనించకుండా మట్టంగా పట్టుకుని, కొంచెం కొంచెంగా కొలుచుకుంటూ పోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఈ ఉదయం మా బావమరిదితో వెళ్లి కొలిచాం. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 75 అడుగులు. ఈశాన్యం నుంచి నైరుతికి 93 అడుగుల రెండున్నర అంగుళాలు.

జవాబు (లెక్కల మాస్టారు, తెనాలి)

చక్కగా కొలిచారు. 75 అడుగుల గీత మీ స్థలాన్ని రెండు త్రిభుజాలు చేస్తుంది.

మొదటిది 45, 60, 75. ఇది 3-4-5 కొలతే, పదిహేను రెట్లు. అంటే ఈశాన్యం మూల సరిగ్గా మూలమట్టానికి ఉంది. వైశాల్యం 45 × 60లో సగం, 1350 చదరపు అడుగులు.

రెండోది 65, 70, 75. మూడూ కూడితే 210, సగం 105. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 40, 35, 30. ఇప్పుడు 105 × 40 × 35 × 30 = 44,10,000. దీని వర్గమూలం 2100, అదే దీని వైశాల్యం.

మొత్తం 3450 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి తొమ్మిదితో భాగిస్తే 383 గజాల పైన మూడో వంతు.

రెండో వికర్ణంతో విడిగా చేస్తే 1512, 1938 వచ్చాయి, కలిపితే మళ్లీ 3450. మీ కొలతల్లో అనుమానం లేదు. కోణాలు ఈశాన్యం 90, నైరుతి దాదాపు 67½, వాయవ్యం 106, ఆగ్నేయం 96½. నాలుగూ కలిపితే 360. ఈశాన్యం, నైరుతి కలిపితే 157½ మాత్రమే, 180 కాదు. ఫోన్ లెక్క ఇక్కడ తప్పింది.

మధ్యవర్తి లెక్కకూ దీనికీ తేడా దాదాపు 14 గజాలు. రెండు త్రిభుజాల బొమ్మ గీసి, వికర్ణం వేసి చూపించండి. ఒప్పుకుంటారు.

ఇంకొకరు (వరంగల్)

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా పెరడుకు ఐదు మూలలు. పాత బావి దగ్గర ప్రహరీ లోపలికి మడత పడింది. దీనికీ ఇదే పద్ధతేనా?

జవాబు (రిటైర్డ్ సర్వేయర్, నల్గొండ)

పద్ధతి అదే. ఎన్ని మూలలుంటే అంతకు రెండు తక్కువ త్రిభుజాలు. ఐదు మూలలకు మూడు త్రిభుజాలు, ఐదు వైపులతో పాటు రెండు వికర్ణాలు కొలవాలి. లోపలికి పోయిన మూల కోణం లోపలి వైపు నుంచి చూస్తే 180 కంటే ఎక్కువ, అయినా ఐదు కోణాల మొత్తం 540 డిగ్రీలే. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే: ఆ మూలకు అటూ ఇటూ ఉన్న మూలలను కలిపే గీత స్థలం బయట పడుతుంది. ఆ త్రిభుజాన్ని కూడకూడదు, తీసేయాలి.

మీకు సులువైన దారి చెప్తాను. మడత లేదనుకుని ఆ రెండు మూలల మధ్య తాడు బిగించి కట్టండి. మిగిలేది నాలుగు మూలల స్థలం, పైన మాస్టారు చేసినట్టే చేయండి. తర్వాత తాడుకూ మడత గోడలకూ మధ్య త్రిభుజం కొలవండి. ఉదాహరణకు తాడు 14 అడుగులు, గోడలు 13, 15 అయితే అది 84 చదరపు అడుగులు. తొమ్మిది గజాల చిల్లర మొత్తంలోంచి తగ్గించాలి.

పొలాలకు మేమూ ఇదే చేస్తాం. ఆంధ్రా వైపు ఎఫ్‌ఎంబీ, మా వైపు టిప్పన్ (రెండూ సర్వే కొలతల పటాలే) నకలు తీసుకుని చూడండి. ఎఫ్‌ఎంబీలో అయితే ఒక పొడవాటి గీత, దాని నుంచి మూలలకు 90 డిగ్రీల్లో తీసిన అడ్డగీతలు కనిపిస్తాయి. పాత కాగితాల్లో అంకెలు లింకుల్లో (సర్వే గొలుసు కొలత) ఉంటాయి, అడుగులని పొరబడకండి. 100 లింకులంటే 66 అడుగులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు.